రోయాస్ 20 అని రాస్తే ఓనర్ గారికి ఏం తెలుస్తుంది? పండగ క్యాంపెయిన్ రిపోర్టు గురించి

ప్రశ్న ఇదీ: విజయవాడలో రెండు, గుంటూరులో ఒకటి, ఏలూరులో ఒకటి బ్రాంచీలున్న హోమ్ అప్లయన్సెస్ షోరూమ్‌కి 2025 దసరా నుంచి దీపావళి దాకా ఒక యాడ్ ఏజెన్సీ వాళ్లు క్యాంపెయిన్ నడిపారు. మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్), గూగుల్ యాడ్స్, పేపర్ ప్రకటనలు, పాంప్లెట్లు, హోర్డింగులు అన్నీ వాడారు. బిల్లింగ్ డేటాని మెటాకి అప్‌లోడ్ చేస్తున్నారు కాబట్టి డ్యాష్‌బోర్డులో రోయాస్ (ROAS, అంటే యాడ్ మీద పెట్టిన ఒక్కో రూపాయికి ఎన్ని రూపాయల అమ్మకం వచ్చిందనే లెక్క) 20 పైన కనిపిస్తోంది. ఏజెన్సీ మేనేజర్ ఆ అంకెని మొదటి స్లైడ్‌లో పెట్టమంటున్నారు. ఓనర్ గారేమో "అంత వస్తే ఆ డబ్బు నా అకౌంట్‌లో ఎందుకు కనపడట్లేదు?" అని అడుగుతున్నారు. ఇప్పుడు రిపోర్టు ఎలా రాయాలి?

ఓనర్ గారు అడిగిందే అసలు ప్రశ్న. మీ రిపోర్టంతా దానికి జవాబుగా ఉండాలి, మిగతావన్నీ దాని తర్వాతే. యాడ్ ఎంతమందికి చేరింది (రీచ్), ఎన్నిసార్లు కనపడింది (ఇంప్రెషన్లు), ఒక్కో క్లిక్‌కి ఎంత ఖర్చయింది అనేవి యాడ్స్ నడిపే మీకు కావాలి, రోజూ చూసుకోవాలి కూడా. కానీ డబ్బు పెట్టిన మనిషి తెలుసుకోవాలనుకునేది వేరు: ఈ ఖర్చు పెట్టకపోతే రాని అమ్మకం ఎంత వచ్చింది, దాని మీద నాకు మిగిలింది ఎంత, వచ్చే సీజన్‌కి ఇంతే పెట్టాలా, తగ్గించాలా, ఒకచోట తీసి ఇంకోచోట పెట్టాలా. రిటైల్ షాపులకి చాలా ఏళ్లుగా ఈ రిపోర్టులు రాస్తున్న అనుభవంతో చెప్తున్నాను, ఈ మూడింటికి జవాబు లేని రిపోర్టుని ఏ ఓనరూ రెండోసారి తెరవరు.

మీ కేసులో లెక్క తేలాలంటే ముందు దేంతో పోలుస్తున్నారో చూసుకోవాలి. అక్టోబరుని అక్టోబరుతో పోల్చారంటే అక్కడే అంతా తప్పిపోతుంది. 2024లో నవరాత్రులు అక్టోబరు 3న మొదలయ్యాయి, దీపావళి అక్టోబరు 31న వచ్చింది, అంటే పండగ సీజన్ మొత్తం ఆ ఒక్క నెలలోనే పడింది. 2025లో నవరాత్రులు సెప్టెంబరు 22నే మొదలై, దసరా అక్టోబరు 2న, దీపావళి అక్టోబరు 20న వచ్చాయి. క్యాలెండర్ నెలల్లో చూస్తే సెప్టెంబరు బ్రహ్మాండంగా, అక్టోబరు డల్‌గా కనిపిస్తుంది, రెండూ నిజం కాదు. నవరాత్రుల మొదటి రోజు నుంచి దీపావళి రోజు దాకా తీసుకోండి. 2023లో అక్టోబరు 15 నుంచి నవంబరు 12, 2024లో అక్టోబరు 3 నుంచి 31, 2025లో సెప్టెంబరు 22 నుంచి అక్టోబరు 20. మూడేళ్లూ సరిగ్గా 29 రోజులే వస్తాయి, కాబట్టి పోలిక శుభ్రంగా కుదురుతుంది.

2023 ఎందుకంటే, విజయవాడ బ్రాంచీలకి 2024 మామూలు సంవత్సరం కాదు. ఆ సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, టీవీలు పాడైపోయి జనం మళ్లీ కొనుక్కున్నారు. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకి ప్రభుత్వం 25 వేల సాయం కూడా ఇచ్చింది. అంటే 2024 దసరా అమ్మకాల్లో కొంత భాగం పండగ వల్లా కాదు, యాడ్స్ వల్లా కాదు, అవసరం కొద్దీ జరిగినవి. వాటితో పోలిస్తే ఈ ఏడాది విజయవాడలో ఫ్రిజ్‌ల అమ్మకం తగ్గినట్టు కనిపించొచ్చు, అది మీ క్యాంపెయిన్ తప్పు కాదు. గుంటూరు, ఏలూరు బ్రాంచీల్లో ఈ ప్రభావం అంత ఉండదు. అందుకే బ్రాంచీలన్నీ కలిపి ఒకే అంకె ఇవ్వకండి, ఏ బ్రాంచీకి ఆ బ్రాంచీ విడిగా చూపించండి.

ఇక దీనికంటే పెద్దది జీఎస్టీ. రేట్లు తగ్గిస్తామని 2025 ఆగస్టు 15న ఎర్రకోట నుంచి ప్రధాని ప్రకటించారు, సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం తీసుకుంది, సెప్టెంబరు 22 నుంచి, అంటే సరిగ్గా నవరాత్రుల మొదటి రోజు నుంచే, కొత్త రేట్లు అమల్లోకి వచ్చాయి. ఏసీలు, 32 అంగుళాల పైన టీవీలు, డిష్‌వాషర్లు 28 శాతం నుంచి 18కి దిగాయి. రేటు తగ్గుతుందని తెలిశాక నెల రోజులు ఆగి కొన్నవాళ్లు ఎందరో మీ కౌంటర్‌లో ఉన్న అబ్బాయిలనడిగితే చెప్తారు. ఆ ఆగిన డిమాండ్ అంతా మీ క్యాంపెయిన్ మొదలైన రోజునే షోరూమ్‌లోకి వచ్చింది. ఇది రాయకుండా "నవరాత్రుల్లో టీవీల అమ్మకం ఇంత శాతం పెరిగింది, క్యాంపెయిన్ సక్సెస్" అని రాస్తే, ఓనర్ గారు చదివిన మొదటి నిమిషంలోనే మీ మీద నమ్మకం పోతుంది, ఎందుకంటే ఆ విషయం ఆయనకి మీకంటే బాగా తెలుసు.

కానీ ఇదే జీఎస్టీ మార్పు మీకు ఒక మంచి కొలత కూడా ఇచ్చింది, చాలామంది దీన్ని వాడుకోవట్లేదు. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు అంతకుముందే 18 శాతంలో ఉన్నాయి, వాటి రేటు మారలేదు. 32 అంగుళాల దాకా టీవీలు కూడా 2019 నుంచే 18 శాతంలో ఉన్నాయి. అదే షోరూమ్, అవే పండగ రోజులు, అవే యాడ్స్, కానీ కొన్ని వస్తువులకి రేటు తగ్గింది, కొన్నింటికి తగ్గలేదు. రేటు మారని వస్తువుల్లో వచ్చిన పెరుగుదల పండగ, క్యాంపెయిన్, మామూలు ఎదుగుదల కలిపి తెచ్చింది. రేటు తగ్గిన వస్తువుల్లో దానికి మించి వచ్చిన పెరుగుదలలో ఎక్కువ భాగం పన్ను తగ్గింపుదే అనుకోవాలి. ఇది కచ్చితమైన శాస్త్రం కాదు. మీ యాడ్స్‌లో టీవీలనే ఎక్కువ చూపించి ఉంటే ఫ్రిజ్‌లతో పోలిక కొంచెం వంకర అవుతుంది, 32 తీసుకుందామని వచ్చినవాళ్లు రేటు తగ్గిందని 43కి వెళ్లి ఉంటే చిన్న టీవీల అంకె ఊరికే తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ మాట రిపోర్టులో ఒక వాక్యంగా రాయండి. అయినా డ్యాష్‌బోర్డు చెప్పేదానికంటే ఇది చాలా నయం.

ఇంకో చిన్న విషయం, కానీ లెక్క మొత్తం మార్చేస్తుంది. పోలిక బిల్లు మొత్తంతో కాదు, పన్ను కలపని విలువతో చేయండి, పక్కన పీసుల సంఖ్య కూడా పెట్టండి. పన్నుకి ముందు 40,000 ఉన్న టీవీ పాత రేటులో 51,200కి బిల్లు అయ్యేది, కొత్త రేటులో 47,200 అవుతుంది. అంటే పోయినేడు అమ్మినన్ని టీవీలే ఈ ఏడాదీ అమ్మినా, బిల్లు మొత్తాల్లో దాదాపు 8 శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. ఖర్చు వైపు కూడా అంతే. యాడ్స్ మీద కట్టిన జీఎస్టీని షాపు వాళ్లు ఇన్‌పుట్ క్రెడిట్‌గా (అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకుని) తీసుకుంటున్నారు కాబట్టి ఖర్చుని కూడా జీఎస్టీ లేకుండానే చూపించండి. ఒకవైపు పన్నుతో, ఇంకోవైపు పన్ను లేకుండా పెట్టిన రిపోర్టులు నేను తరచూ చూస్తుంటాను, ఆడిటర్ గారు చూసిన రోజు వాటి పరువు పోతుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. మీరు అసలు అంకెలు ఇవ్వలేదు కాబట్టి గుండ్రటి అంకెలతో చేస్తున్నాను, మీ అంకెలు వేసుకుని మళ్లీ చేయండి. ఆ 29 రోజుల్లో పోయినేడు 4 కోట్ల అమ్మకం, ఈ ఏడాది 5 కోట్లు అనుకుందాం. యాడ్స్ ఖర్చు పోయినేడు 12 లక్షలు, ఈ ఏడాది 20 లక్షలు. మార్జిన్ 12 శాతం. చాలామంది వెంటనే "కోటి పెరిగింది, 20 లక్షలు పెట్టాం, ఐదు రెట్లు" అంటారు. ఇందులో రెండు తప్పులున్నాయి. పోయినేడు కూడా 12 లక్షలు పెట్టారు కదా, కాబట్టి రెండేళ్ల పోలిక తేల్చగలిగేది అదనంగా పెట్టిన 8 లక్షల గురించి మాత్రమే. అసలు యాడ్సే లేకపోతే ఏమయ్యేదో ఈ అంకెలు చెప్పలేవు. రెండోది, కోటి రూపాయలు అమ్మకం మాత్రమే, లాభం కాదు. 12 శాతం మీద మిగిలేది 12 లక్షలే.

ఆ కోటిని విడదీయండి. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్ల లాంటి రేటు మారని వస్తువులు 2 కోట్ల నుంచి 2 కోట్ల 20 లక్షలకి వెళ్లాయనుకోండి, 10 శాతం పెరిగాయి. పెద్ద టీవీలు, ఏసీలు 2 కోట్ల నుంచి 2 కోట్ల 80 లక్షలకి, అంటే 40 శాతం. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న 10 శాతమే క్యాంపెయిన్ ఖాతాలో గరిష్ఠంగా వేయగలిగింది అనుకుంటే 4 కోట్ల మీద 40 లక్షలు, దాని మీద మిగిలింది 4 లక్షల 80 వేలు. అదనంగా పెట్టిన 8 లక్షలు రాలేదు. ఇక్కడితో ఆపేస్తే క్యాంపెయిన్ నష్టం అని తేలిపోతుంది, కానీ వరద సంగతి గుర్తుంది కదా. విజయవాడలో ఫ్రిజ్‌ల పాత అంకె ఎక్కువగా ఉంది కాబట్టి అక్కడ పెరుగుదల తక్కువగా కనిపిస్తుంది. గుంటూరు, ఏలూరు మాత్రమే తీసి చూస్తే రేటు మారని వస్తువులు 20 శాతం పెరిగాయనుకోండి, అప్పుడు లెక్క 80 లక్షలు, మార్జిన్ 9 లక్షల 60 వేలు. అదే క్యాంపెయిన్ లాభంలోకి వచ్చేసింది. కాబట్టి మీరు రాయాల్సిన నిజాయితీ వాక్యం ఇలా ఉంటుంది: "ఈ ఏడాది అదనంగా పెట్టిన 8 లక్షల మీద మనకి సుమారు 5 నుంచి 10 లక్షల దాకా మార్జిన్ వచ్చి ఉండొచ్చు. ఖర్చు తిరిగి రావడానికి అటూ ఇటూగా ఉంది." ఇందులో పండగ ఊపు, మామూలు ఎదుగుదల కూడా కలిసే ఉన్నాయి కాబట్టి ఇది పై అంచు లెక్కే అని పక్కనే రాయండి.

చూశారా, రోయాస్ 20 అన్న అంకెకీ దీనికీ ఎంత దూరమో. ఓనర్ గారికి డబ్బు ఎందుకు కనపడలేదో కూడా ఇక్కడే తెలిసిపోయింది. మార్జిన్ 12 శాతం ఉన్న వ్యాపారంలో రోయాస్ 8 దాటితే గానీ యాడ్ ఖర్చు రాదు, అది కూడా ఆ అమ్మకాలన్నీ నిజంగా యాడ్ వల్లే వచ్చి ఉంటే. మార్జిన్ 50 శాతం ఉన్న బట్టల వ్యాపారానికి రోయాస్ 3 మంచిదే, మీకు 6 వచ్చినా నష్టమే. కాబట్టి "ఇండస్ట్రీ యావరేజ్ కంటే ఎక్కువ" అనే స్లైడ్ తీసేయండి, దానివల్ల మీ ఓనర్‌కి ఒరిగేదేమీ లేదు.

కంపెనీల నుంచి వచ్చే కో-ఆప్ డబ్బుని మర్చిపోకండి. ప్రకటనలో తమ లోగో వేసినందుకు బ్రాండ్లు ఖర్చులో కొంత తిరిగి ఇస్తాయి, లేదా క్రెడిట్ నోట్ (తమకి రావాల్సిన డబ్బులోంచి అంత తగ్గించుకోమనే కాగితం) ఇస్తాయి. పైన చెప్పిన 8 లక్షల్లో 3 లక్షలు అలా తిరిగొచ్చేవి అయితే ఓనర్ జేబులోంచి పోయింది 5 లక్షలే, అప్పుడు లెక్కలో కింది అంచు దగ్గర కూడా దాదాపు ఖర్చు వచ్చేసినట్టే. చాలా షాపుల్లో ఈ క్రెడిట్ నోట్లు అకౌంట్స్ దగ్గర ఉండిపోతాయి, మార్కెటింగ్ రిపోర్టులో కనిపించవు. అయితే ఒక జాగ్రత్త. బ్రాండ్‌కి పంపే క్లెయిమ్ రిపోర్టు వేరు, ఓనర్‌కి ఇచ్చే రిపోర్టు వేరు. బ్రాండ్ వాళ్లకి కావాల్సింది ప్రకటన పడిందనే రుజువు, అంటే పేపర్ కటింగ్, తేదీ కనిపించే హోర్డింగ్ ఫోటో, ఏజెన్సీ బిల్లు. ఆ ఫోటోలన్నీ తెచ్చి ఓనర్ రిపోర్టులో ముప్పై పేజీలు నింపితే ఆయనకి పని జరిగిందని తెలుస్తుంది గానీ ఫలితం తెలియదు.

డ్యాష్‌బోర్డు అంకె అంత పెద్దగా ఎందుకు వచ్చిందో కూడా ఒక పేరాలో రాయండి, లేకపోతే మేనేజర్ గారు ఊరుకోరు. మెటా డిఫాల్ట్‌గా యాడ్ క్లిక్ చేసిన ఏడు రోజుల్లోపు, లేదా క్లిక్ చేయకుండా ఊరికే యాడ్ కనపడిన ఒక రోజులోపు కొన్న ప్రతి అమ్మకాన్నీ తన ఖాతాలో వేసుకుంటుంది. మీరు బిల్లుల్లో ఉన్న ఫోన్ నంబర్లు అప్‌లోడ్ చేస్తున్నారు. పండగ రోజుల్లో విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల అందరికీ మీ యాడ్ పదేపదే చూపించారు. అప్పుడు పక్కింటావిడ చెప్తే షాపుకి వచ్చిన మనిషి కూడా ముందురోజు రాత్రి రీల్స్ చూస్తూ మీ యాడ్ దాటేసి ఉంటే మెటా ఖాతాలోకే వెళ్తారు. గూగుల్ యాడ్స్‌లో క్లిక్‌కి డిఫాల్ట్ గడువు 30 రోజులు. ఒకే బిల్లు రెండు చోట్లా లెక్కకి వస్తుంది. మెటా చెప్పింది, గూగుల్ చెప్పింది, పాంప్లెట్ కూపన్లు చెప్పింది మూడూ కూడి, మొత్తం షోరూమ్ అమ్మకం పక్కన పెట్టి చూపించండి. ఆ కూడిక చాలాసార్లు అసలు అమ్మకాన్ని మింగేసేంత ఉంటుంది, అప్పుడు ఇంకేం చెప్పనక్కర్లేదు. ఇది ప్లాట్‌ఫామ్ మోసం అని కూడా రాయకండి. అది "ఈ కొన్నవాళ్లలో మా యాడ్ చూసినవాళ్లు ఎందరు" అనే ప్రశ్నకి జవాబు ఇస్తోంది, మనం దాన్ని "మా యాడ్ వల్ల కొన్నవాళ్లు ఎందరు" అని చదువుతున్నాం.

మీ మెటా రిపోర్టులో క్లిక్ వల్ల వచ్చినవి, చూడటం వల్ల వచ్చినవి విడదీసి చూసే వీలుంది, ఆ రెండూ పక్కపక్కన పెట్టండి. ఏ తేదీన డేటా తీశారో రాయండి, క్యాంపెయిన్ ఆగాక కూడా కొన్ని రోజులు ఆ అంకెలు కదులుతూనే ఉంటాయి. క్యాన్సిల్ అయిన బిల్లులు, ఫైనాన్స్ రిజెక్ట్ అయి డెలివరీ కానివి తీసేశాకే మొత్తం వేయండి.

గూగుల్‌లో అన్నిటికంటే బాగా కనిపించేది మీ షాపు పేరు మీద నడిచే సెర్చ్ యాడ్. మీ పేరు టైప్ చేసి వెతికే మనిషి అప్పటికే మీ దగ్గరికి బయల్దేరాడు, యాడ్ లేకపోయినా కింద మ్యాప్‌లో మీరే కనిపిస్తారు. దీనిమీద ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ ఈబే అమెరికాలో 2012లో చేసిన పరీక్ష చాలా పేరున్నది. తమ పేరున్న కీవర్డ్‌ల (వెతికే పదాల) మీద బింగ్, యాహూల్లో యాడ్స్ ఆపేసి చూస్తే, అలా పోవాల్సిన క్లిక్‌లలో 99.5 శాతం మామూలు సెర్చ్ ఫలితాల నుంచే వచ్చేశాయి. బ్లేక్, నోస్కో, టాడెలిస్ అనే ఆర్థికవేత్తలు దాన్ని 2015లో పరిశోధన పత్రంగా ప్రచురించారు. ఈబే అంత పేరు మనకి లేదు, పోటీ షోరూమ్ మన పేరు మీద యాడ్ వేస్తుంటే పరిస్థితి వేరు, అది ఒప్పుకోవాలి. అందుకే ఆపేయమని అనట్లేదు. షాపు పేరుతో వచ్చినవి, "గుంటూరులో వాషింగ్ మెషీన్ షాపు" లాంటి వెతుకులాటతో వచ్చినవి విడిగా చూపించండి. రెండోవాటిలోనే కొత్త కస్టమర్లు ఉంటారు.

వీడియో వ్యూస్ గురించి ఎక్కువ చెప్పను. మెటా చూపించే "3 సెకన్ల వీడియో ప్లే" అనే అంకెలోకి రావడానికి మూడు సెకన్లు చూస్తే చాలు. 2016 సెప్టెంబరులో ఫేస్‌బుక్ వాళ్లే ఒప్పుకున్నారు, మూడు సెకన్లలోపు చూసినవాళ్లని లెక్కలోంచి వదిలేయడం వల్ల సగటు వీక్షణ సమయాన్ని రెండేళ్ల పాటు చాలా ఎక్కువ చేసి చూపించామని. వ్యూస్‌ని అనుబంధంలో పెట్టండి చాలు.

వాట్సాప్ లీడ్స్ (కొందామని మెసేజ్ పెట్టినవాళ్లు) సంగతి మాత్రం మొదటి పేజీలోనే ఉండాలి, ఎందుకంటే డబ్బు కారిపోయేది అక్కడే. క్లిక్ చేస్తే వాట్సాప్ తెరుచుకునే యాడ్‌లో మెటా "మొదలైన సంభాషణలు" అని చూపించే అంకెలో సగం మంది ముందే టైప్ అయి ఉన్న మెసేజ్‌ని పంపేసి వెళ్లిపోయినవాళ్లు ఉండొచ్చు. మీరు చూపించాల్సింది మెట్లు: ఎన్ని మెసేజ్‌లు వచ్చాయి, వాటిలో మనం జవాబిచ్చినవి ఎన్ని, ఎంత సేపట్లో ఇచ్చాం, మళ్లీ మాట్లాడినవాళ్లు ఎందరు, షోరూమ్‌కి వచ్చింది ఎందరు, బిల్లు అయింది ఎందరికి. పండగ రద్దీలో కౌంటర్ వాళ్లకి ఫోన్ చూసే తీరిక ఉండదు, రాత్రి తొమ్మిదికి "ఈ మోడల్ ఎంతండీ" అని అడిగిన మనిషికి మర్నాడు మధ్యాహ్నం జవాబు వెళ్తుంది, ఈలోపు ఆయన ఇంకోచోట కొనేస్తాడు. ఆ లీడ్‌కి యాడ్ తన పని చేసింది, మనుషులు లేక అమ్మకం పోయింది. ఇది రాయడానికి మొహమాటపడతారు, స్టాఫ్ మీద చెప్పినట్టు ఉంటుందని. స్టాఫ్ పేర్లు అక్కర్లేదు, "సాయంత్రం ఆరు తర్వాత వచ్చిన మెసేజ్‌లకి జవాబు ఆలస్యం, వచ్చే సీజన్‌కి దీనికి ఒక మనిషి కావాలి" అని రాస్తే చాలు. ఓనర్ గారు వెంటనే చేయగలిగిన పని మీ రిపోర్టు మొత్తంలో బహుశా ఇదొక్కటే.

పేపర్లు, పాంప్లెట్లు, హోర్డింగులు కొలవలేమని సున్నా వేయకండి. బిల్లింగ్ దగ్గర "ఎక్కడ చూసి వచ్చారండీ" అని అడిగే పద్ధతి ఉంటే ఆ అంకెలు ఇవ్వండి, కానీ నమ్మకం తక్కువ అని రాయండి. బిల్లు త్వరగా కావాలని తొందరలో ఉన్న మనిషి నోటికొచ్చింది చెప్తాడు, బిల్లు వేసే అమ్మాయి ఏదో ఒకటి టిక్ పెడుతుంది, ఎక్కువసార్లు లిస్టులో మొదటిదే. పైగా అంకెలు చిన్నవైనప్పుడు శాతాలు వాడకండి. పాంప్లెట్ కూపన్‌తో పోయినేడు నలుగురు, ఈ ఏడాది ఎనిమిది మంది వస్తే "100 శాతం వృద్ధి" అని రాయడం న్యాయం కాదు, నాలుగు నుంచి ఎనిమిది అని రాయండి, చదివేవాళ్లకే అర్థమవుతుంది.

రూపం విషయానికొస్తే, మొదటి పేజీ తెలుగులో రాయండి. మీ ఓనర్ గారు వ్యాపారం ఆలోచించేది తెలుగులో, రాత్రి ఇంట్లో వాళ్లతో మాట్లాడేది తెలుగులో, కొడుకో కూతురో షాపు చూసుకుంటుంటే వాళ్లకి ఆయన వివరించేది తెలుగులో. ఇంగ్లిష్ స్లైడ్‌లు నలభై ఇచ్చి మీరు పక్కన నిలబడి చెప్తేనే అర్థమయ్యే రిపోర్టు మీరు లేని రోజు పనికిరాదు. మొదటి పేజీలో ఎంత పెట్టాం, ఎంత వచ్చిందని మన అంచనా, ఆ అంచనా మీద మనకి ఎంత నమ్మకం, ఏది పని చేయలేదు, వచ్చే సీజన్‌కి ఏం మార్చాలి, రూపాయల్లో. "ఇన్‌ఫ్లుయెన్సర్ రీల్‌కి పెట్టిన డబ్బుకి ఏ గుర్తూ కనపడలేదు" లాంటి వాక్యం ఒకటైనా ఉండాలి. అన్నీ బాగా పనిచేశాయని చెప్పే రిపోర్టు చదివి ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోలేరు. వెనక పేజీల్లో మీ పట్టికలు, స్క్రీన్‌షాట్లు ఎన్నైనా పెట్టుకోండి. కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం ఎక్కడా ఉండకూడదు. ఆ ఫైలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తర్వాత ఇది మర్యాద విషయం మాత్రమే కాదు. బిల్లుల ఫోన్ నంబర్లు మెటాకి అప్‌లోడ్ చేయడానికి కస్టమర్ అనుమతి ఎలా తీసుకుంటున్నారో కూడా ఈ సందర్భంగా ఒకసారి చూసుకోండి.

మేనేజర్ గారితో గొడవ పెట్టుకోమని నేను చెప్పను. రోయాస్ 20 అంకెని దాచకండి, "మెటా తన లెక్కలో చూపించేది ఇంత" అని దాని పేరుతో దాన్ని పెట్టండి, పక్కనే మీ అంచనా పెట్టండి. ఇవాళ 20 చూసి సంతోషించిన ఓనర్ గారు అదే నమ్మకంతో వచ్చే సీజన్‌లో బడ్జెట్ రెట్టింపు చేస్తారు, అమ్మకం రెట్టింపు కాదు, అప్పుడు ఏజెన్సీని మార్చేస్తారు. అటూ ఇటూగా ఉందని ముందే చెప్పినవాళ్ల దగ్గర ఆయన సలహా అడుగుతారు. మేనేజర్ గారికి ఇది ఏజెన్సీ లాభం కోసం అని చెప్పండి, అదీ నిజమే.

ఇప్పుడున్న డేటాతో ఇంతకంటే కచ్చితంగా తేలదు. తేలాలంటే ముందే ప్లాన్ చేయాలి, ఫిబ్రవరి నుంచి మొదలయ్యే ఏసీల సీజన్ దానికి మంచి అవకాశం. మీ వ్యాపారంలో ఒక గొప్ప సౌకర్యం ఉంది, ఏసీ అయినా ఫ్రిజ్ అయినా ఇంటికి డెలివరీ చేస్తారు కాబట్టి ప్రతి బిల్లులో ఊరు, పిన్‌కోడ్ ఉంటాయి. బట్టల షాపు వాళ్లకి ఇది లేదు. దీన్ని వాడుకుని ఊళ్లని రెండు గుంపులు చేయండి. మీ విజయవాడ బ్రాంచీలకి గుడివాడ నుంచీ, నూజివీడు నుంచీ కస్టమర్లు వస్తారు, గుంటూరు బ్రాంచీకి తెనాలి నుంచీ, చిలకలూరిపేట నుంచీ వస్తారు. పాంప్లెట్లు గుడివాడ, తెనాలిలో వేసి, నూజివీడు, చిలకలూరిపేటలో ఆపండి. నెల తర్వాత పిన్‌కోడ్ వారీగా పోయినేడుతో పోల్చండి. తర్వాత నెల గుంపులు మార్చండి, ఏ ఊరి ప్రత్యేకతైనా ఉంటే అది బయటపడుతుంది. మెటా యాడ్స్‌కి కూడా ఇలాగే ఊళ్లని తప్పించి నడపొచ్చు. ఒక్కో ఊరి నుంచి నెలకి పదీ పదిహేను బిల్లులే వస్తుంటే తేడా కనపడదు, అప్పుడు దగ్గరి మండలాలు కలిపి గుంపు పెద్దది చేయండి. ఎండలు రెండు చోట్లా ఒకేలా ఉంటాయి కాబట్టి వాతావరణం గొడవ కూడా ఉండదు.

ఊళ్లు ఆపుదామంటే ఓనర్ గారు మొదట ఒప్పుకోరు, "సీజన్‌లో ఆపితే అమ్మకం పోతుంది కదా" అంటారు. పోయేదెంతో తెలియకే కదా మనం ఇంత లెక్క వేస్తున్నది అని చెప్పండి, ఖర్చులో చిన్న భాగం మాత్రమే ఆపుతున్నామని అంకె చూపించండి. సీజన్ మొదలవక ముందే ఒక కాగితం మీద ఏ ఫలితం వస్తే కొనసాగిస్తాం, ఏది వస్తే ఆపేస్తాం అని రాసి ఆయన చేత సంతకం పెట్టించండి. ఫలితం చూశాక పెట్టుకున్న టార్గెట్‌ని ఎవరైనా అందుకుంటారు, ఈ దసరా క్యాంపెయిన్‌కి అలాంటి కాగితం లేదు కాబట్టి "టార్గెట్ దాటాం" అనే మాట ఈ రిపోర్టులో రాయకండి.

దీపావళి అయ్యాక నవంబరు అమ్మకాలు కూడా చూసి రెండో రిపోర్టు ఇస్తానని ఇప్పుడే చెప్పి పెట్టుకోండి. పండగకి కొనేసినవాళ్లు నవంబరులో కొనరు, ఆ తగ్గుదల ఎంత అన్నది తీసేస్తేనే అసలు అదనం తెలుస్తుంది, ముఖ్యంగా రేటు తగ్గిందని తొందరపడి కొన్న పెద్ద టీవీల్లో.

ముందుగా చేయాల్సిన పని, 2023, 2024, 2025 బిల్లులు బ్రాంచీ వారీగా, వస్తువు వారీగా, పన్ను లేని విలువతో అకౌంటెంట్ గారి దగ్గర తీసుకోండి. పాత సంవత్సరాల డేటా ట్యాలీ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో వేరే కంపెనీ ఫైలుగా విడగొట్టి ఉండొచ్చు, టీవీలకి సైజు రాయకుండా మోడల్ నంబర్ మాత్రమే ఉండొచ్చు. 32 అంగుళాల లోపువి, పైవి వేరు చేయడానికి ఆ మోడల్ నంబర్లన్నీ కూర్చుని చూసుకోవాలి. రెండు మూడు రోజులు పట్టే పని, ఓనర్ గారికి ఆ గడువు ముందే చెప్పండి.